'పొమ్మనుటే చాలు'నా, 'పొమ్మనుటే చావు'నా?

ఓ జపాన్ మాంగా (బొమ్మల కథ) చదువుతున్నాను. ఒక గురువు ఆశ్రమంలో నరకం చూసి బయటపడ్డ పిల్లలు పెద్దయ్యాక, అప్పటి పెద్దలను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుంటారు. అందరికంటే క్రూరుడు చేతికి చిక్కినప్పుడు వాళ్లలో ఒక అమ్మాయి కత్తి దించి పొమ్మంటుంది. అప్పటి నుంచీ వేమన పద్యం బుర్రలో తిరుగుతోంది. 'చంపదగినయట్టి శత్రువు తనచేత చిక్కెనేని కీడు సేయరాదు, పొసగ మేలుచేసి పొమ్మనుటె...' తర్వాత చాలు అనా, చావు అనా? మా అమ్మమ్మ 'చావు' అనేది. బడిలో 'చాలు' చెప్పారు.

— ముందు అది 'పొమ్మనుటె' కాదండీ, 'పొమ్మనుటే'. టే దీర్ఘం లేకపోతే ఆటవెలది మూడో పాదం చివర భగణం, తగణం పడవు. చాలు, చావు రెండూ గురువు లఘువే కాబట్టి గణాలతో తేలదు. నా ఓటు 'చాలు'కే. 'చావు' అంటే చేసిన మేలు కూడా ఒక దెబ్బ అయిపోతుంది, వేమన మనసు అది కాదు.

— ఎందుకు కాదు మాస్టారూ? మొదటి మాటే 'చంపదగిన'. వాడికి చావు రావాల్సిందే, ఏ రూపంలో అన్నదే ప్రశ్న. పోతన భాగవతం ప్రథమ స్కంధం గుర్తు చేసుకోండి, ద్రౌపది పిల్లలను చంపిన అశ్వత్థామను కట్టేసి తెచ్చి నిలబెట్టినప్పుడు. తల గొరిగి, శిరోమణి లాక్కుని శిబిరం బయటికి గెంటేస్తారు, వాడికి అదే వధ. వేమన పద్యానికి మూలం అదేనని నాకు గట్టి నమ్మకం.

— పోతనను తెచ్చారు కాబట్టి చెప్తున్నా, ఆ ఘట్టంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు మించింది లేదు. 'నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతు లెట్లాడెనో!' ఐదుగురు పిల్లలను పోగొట్టుకున్న తల్లి తిట్టదు, శపించదు, చేతులెలా ఆడాయని అడుగుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది. మాంగా అమ్మాయి కూడా ముందు ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది.

— జపాన్‌లో ఇది కథ కాదు. 1994 జూన్‌లో మత్సుమోతోలో ఓం షిన్‌రిక్యో అనే మతగుంపు వాళ్లు సారిన్ అనే విషవాయువు వదిలితే, పోలీసులు, పత్రికలు మొదట అనుమానించింది కోనో యోషియుకి అనే బాధితుణ్ణే. ఆయన భార్య కోమాలోకి వెళ్లి 2008లో చనిపోయారు. అయినా ఆయన తనకు ద్వేషం లేదన్నారు, ఉరిశిక్షలు వద్దన్నారు. 2018 జులైలో ఆ గుంపు వాళ్లను 13 మందిని ఉరి తీశారు. ఇక్కడ 'చావు' పాఠం నాకు నోటికి రాదు, ఆయన కోరింది వాళ్ల చావు కాదు కదా.

— కోనో గారికి నమస్కారం. కానీ క్షమించమని బాధితులకు చెప్పే ముందు ఉద్యోగపర్వంలో తిక్కన మాట వినాలి. 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు', అంటే ఆపగల సమర్థులు చూస్తూ ఊరుకుంటే అది వాళ్లకే చేటు. ఆ గుంపును ఎదిరించిన లాయరు సకమోతో త్సుత్సుమి భార్యాబిడ్డలతో సహా 1989 నవంబర్‌లో మాయమయ్యారు, శవాలు దొరికింది 1995లో. ఆపగలిగిన వాళ్లు ఈ మధ్యలో ఏం చేశారు? 'దక్షులు' అన్న మాట మీద ఆగండి, అసమర్థులను అనడం లేదు తిక్కన.

— ఉద్యోగపర్వం వేరే పోస్టు పెట్టుకుందాం, రాత్రంతా మాట్లాడొచ్చు. పాఠం సంగతి చూస్తే, బ్రౌన్ దొర వేమనను అచ్చు వేయించింది 1829లో. అంతకుముందంతా ఎక్కువగా నోటి మీద నడిచిన పద్యాలు. కాబట్టి అమ్మమ్మ పాఠాన్ని తప్పనలేం.

— అయితే 'పొసగ' సంగతేంటి? అందరూ దాటేస్తున్నారు. 'తగినట్టుగా' అని అర్థం చెప్పుకుంటే, చేసే మేలు కూడా వాడికి తగినంతే. అప్పుడు నాకు 'చావు'తో పేచీ లేదు.

— 'పొసగ' అంటే ఇక్కడ 'చక్కగా', అంతే. కొలత అర్థం మీకు ఎక్కడ దొరికింది?