ఐస్‌లాండ్ లూథరన్‌గా మారింది ఇష్టపడా, గొడ్డలికి భయపడా?

కొండవీటి:
మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. మా ఊళ్లో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల గుడి వేరు, మా గుడి వేరు. సండే స్కూల్లో విన్నది ఒకటే: లూథర్ వచ్చాడు, పోపు పెత్తనం పోయింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. ఐస్‌లాండ్ సంగతి చదివాక అది మింగుడు పడటం లేదు. 1550 నవంబర్ 7న దక్షిణాది బిషప్పు పీఠమైన స్కాల్‌హోల్ట్‌లో, ఆ కాలపు చివరి కాథలిక్ బిషప్పు యోన్ అరాసన్‌ని, ఆయన ఇద్దరు కొడుకుల్ని తలలు నరికేశారు. విచారణ లేదు. చలికాలమంతా వీళ్లని ఎవరు కాపలా కాస్తారని తర్జనభర్జన పడుతుంటే, 'గొడ్డలీ మట్టీ అయితే బాగా కాస్తాయి' అని ఒకడు అన్నాడట. దీన్ని సంస్కరణ అనాలా?

ఉప్పుటేరు:
అనక్కర్లేదు. అది అప్పట్లో ఐస్‌లాండ్‌ని ఏలిన డెన్మార్క్ రాజు మూడో క్రిస్టియన్ వసూళ్ల పథకం. మఠాల భూములు ఎవరి చేతికి పోయాయో చూడండి, రాజు చేతికే. అంతకుముందు 1541లో స్కాల్‌హోల్ట్ పాత బిషప్పు ఓగ్ముందుర్‌ని, చూపు దాదాపు పోయిన ముసలాయన్ని, పట్టుకుని ఓడెక్కించారు. మళ్లీ ఇల్లు చూడలేదాయన. ఇందులో దేవుడెక్కడున్నాడు?

పాతకాగితం:
కొంచెం ఆగండి ఉప్పుటేరు గారూ. యోన్ అరాసన్ గొర్రెపిల్లేం కాదు. మంచి కవి, నిజమే. కానీ మందీమార్బలంతో తిరిగిన మనిషి. స్కాల్‌హోల్ట్‌లోని లూథరన్ బిషప్పుని ఆయనే పట్టి బంధించాడు. చివరికి ఆయన్ని పట్టుకున్నది కూడా డెన్మార్క్ వాడు కాదు, దాది గుడ్‌ముండ్సన్ అనే ఐస్‌లాండ్ పెద్దమనిషే.
అసలు సంగతి భాష. 1540లోనే కొత్త నిబంధన ఐస్‌లాండిక్‌లో అచ్చయింది, 1584లో బైబిల్ మొత్తం వచ్చింది. అదే రాజు కింద ఉన్న నార్వేకి దక్కింది డేనిష్ బైబిలే. వాళ్ల పాత రాతభాష చచ్చిపోయింది, వీళ్లది బతికింది. ఇంకో తమాషా: ఐస్‌లాండ్‌కి అచ్చుయంత్రం మొదట తెప్పించింది యోన్ అరాసనే. ఆ 1584 బైబిల్ అచ్చయిందీ ఉత్తరాదిలో ఆయన పీఠమైన హోలార్‌లోనే.

ఉప్పుటేరు:
భాష బతికిందని గొడ్డలిని మాఫీ చేస్తామా? జనానికి అంత ఇష్టమే అయితే 1551లో ఉత్తరాది వాళ్లొచ్చి ఆ శిక్ష వేయించిన రాజోద్యోగిని ఎందుకు చంపారు? పూడ్చిన శవాల్ని తవ్వి హోలార్‌కి ఎందుకు మోసుకుపోయారు?

పాతకాగితం:
ఆ పాయింట్ మీదే. ఉత్తరాది జనం ఇష్టపడి మారలేదు, ఒప్పుకుంటా.

చలిమంట:
నేను ఐస్‌లాండ్ రాజధాని రేక్‌యావిక్‌లో ఉంటాను. పాత మతం 'పోయింది' అనే మాటే నాకు కుదరడం లేదు. డిసెంబర్ 23న మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ముక్కు మూసుకోవాలి. ఊరబెట్టిన టేకు చేప ఉడుకుతుంటుంది, అమ్మోనియా ఘాటుకి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కోటుకి పట్టిన వాసన రెండు రోజులు వదలదు. ఆ రోజు 1193లో చనిపోయిన బిషప్పు సెయింట్ థోర్లాక్ పండగ. క్రిస్మస్ ముందు మాంసం మానే కాథలిక్ ఉపవాసం అలా మిగిలింది. వండుకునేది మాత్రం ఎక్కువగా లూథరన్ ఇళ్లలోనే!
కాథలిక్కులు మళ్లీ నిలదొక్కుకున్నది 1874 రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చాక. 1896లో సిస్టర్లు వచ్చారు, 1902లో ఇక్కడి లాండకోట్‌లో ఆసుపత్రి కట్టారు. ఇప్పుడు ఆ పక్కనున్న కేథడ్రల్‌కి ఆదివారం వెళ్తే వినపడేవి పోలిష్, ఇంగ్లిష్, ఫిలిప్పీన్స్ వాళ్ల మాటలు. పనికోసం వచ్చినవాళ్లే ఎక్కువ.

కొండవీటి:
థ్యాంక్స్ అందరికీ. ఇదంతా మా నాన్నకి చదివి వినిపించా. ఆయన మొదటి పోస్టు దగ్గరే ఆగిపోయాడు. 'ఆర్‌సీఎం బిషప్పుకి కొడుకులేంట్రా?' అంటున్నాడు.

పాతకాగితం:
అప్పట్లో అక్కడి ఫాదర్లు చాలామంది కాపురాలు చేసేవాళ్లని చెప్పండి. యోన్ అరాసన్ కాపురం చేసినామె పేరు హెల్గా. రోమ్ చాలా దూరం కదా బ్రదర్.