సౌత్ లేక్ టాహోలో రాత్రి 9 దాటాక వెజ్ భోజనం ఎక్కడ?

వచ్చే శనివారం అమ్మానాన్నలతో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి హైవే 50 మీదుగా టాహో వెళ్తున్నాం. బస సౌత్ లేక్ టాహోని ఆనుకునే ఉన్న స్టేట్‌లైన్‌లో, హెవెన్లీ గొండోలా (స్కీ రిసార్ట్ కేబుల్ కారు) దగ్గర. ట్రాఫిక్ చూస్తే చేరేసరికి రాత్రి 9 దాటుతుంది. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. పైగా నాన్నకి షుగర్, చిప్స్‌తో సరిపెట్టలేం.

చుట్టుపక్కల రెస్టారెంట్లకి ఫోన్ చేశాను. ఒకచోట కిచెన్ 9కే మూసేస్తారట. ఇంకోచోట టమాటా సూప్ వెజ్జే అన్నారు, గుచ్చి గుచ్చి అడిగితే చికెన్ స్టాక్‌తో చేస్తారని తేలింది! కాసినోల్లో ఏదో ఒకటి తెరిచే ఉంటుంది గానీ ఆ సిగరెట్ పొగ అమ్మకి పడదు. గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోవడానికి హోటల్ ఒప్పుకోలేదు. పులిహోర కట్టుకెళ్తాం, కానీ అది దారిలో వచ్చే ప్లాసర్‌విల్ దాటేలోపే అయిపోతుంది.

స్టేట్‌లైన్ నుంచి 10 నిమిషాల డ్రైవ్‌లో, శనివారం రాత్రి 10 దాకా గుడ్డు లేని వేడి భోజనం దొరికే చోటు, మీరు స్వయంగా తిన్నది, ఏదైనా ఉందా?