స్కోప్ జీరో చేయడానికి ఏ ప్రింట్ టార్గెట్ వాడుతున్నారు?

గురికుదరాలి: రైఫిల్‌కి కొత్త స్కోప్ బిగించాను, జీరో చేయాలి, అంటే గురి పెట్టినచోటే గుండు పడేలా సర్దాలి. పావు ఎంఓఏ క్లిక్కులది, అంటే మర ఒక్క క్లిక్కు తిప్పితే గురి పావు ఎంఓఏ జరుగుతుంది (ఎంఓఏ కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు). మా రేంజ్ 100 మీటర్లు. ఇంట్లో ప్రింట్ తీసుకోవడానికి గుండ్రాలు మంచివా, గడులా? ఏ కాగితం? ముందు ఎంత దగ్గర నుంచి మొదలుపెట్టాలి? రంగుల ప్రింట్ అవసరమా?

నల్లచుక్క: డిజైన్ తర్వాత, ముందు ప్రింటర్ సంగతి చూడండి. ‘ఫిట్ టు పేజ్’ పెట్టి ఉంటే గడి చడీచప్పుడు లేకుండా కుంచించుకుపోతుంది. ‘యాక్చువల్ సైజ్’ పెట్టి తీయండి. తీశాక స్కేలుతో ఒక్క గడి కాదు, పది అంగుళం గడులు కలిపి కొలవండి. 254 మిల్లీమీటర్లు రావాలి. రాకపోతే ఆ కాగితం చింపేయండి.

పెల్లెట్‌ప్రియ: నా బాధంతా కాగితంతోనే. మాది ఎయిర్ రైఫిల్. జిరాక్స్ కాగితం మీద కొడితే రంధ్రం పడదు, చిరుగు పడుతుంది. దాని నడిమధ్య ఎక్కడని పట్టుకుంటాం? మందపాటి కార్డు వాడి, వెనక అట్టను బిగుతుగా అంటించాకే నాకు మనశ్శాంతి. పెల్లెట్ కూడా మూతి బల్లపరుపుగా ఉన్న వాడ్‌కట్టర్ అయితే గుండ్రంగా కోస్తుంది.

టరెట్‌రాజు: ఇంత రాద్ధాంతం ఎందుకండీ? అంగుళం గడుల కాగితం తీసుకోండి, గడికి నాలుగు క్లిక్కులు తిప్పండి. అయిపోయింది. ఎంతోమంది స్కోపులు నా చేతి మీదుగా జీరో అయ్యాయి.

నల్లచుక్క: రాజుగారూ, ఆ లెక్క 100 గజాలకు. ఆయన 100 మీటర్లన్నారు. అక్కడ ఒక ఎంఓఏ అంటే 29.1 మిల్లీమీటర్లు, అంగుళమేమో 25.4. గడికి మూడున్నర క్లిక్కులే.

టరెట్‌రాజు: అర క్లిక్కు కోసం కొట్లాటా? ఆయన గ్రూపే, అంటే గుళ్ళు చెదిరిపడే వెడల్పే, అంగుళంన్నర ఉంటుంది.

నల్లచుక్క: గుండు పది గడుల దూరంలో పడితే మీరు 40 తిప్పిస్తారు. తిప్పాల్సింది 35. ఆ అయిదు క్లిక్కులకే మూడున్నర సెంటీమీటర్లు అవతలికి పోతుంది. చేయి తిరిగినవారు కొత్తవాళ్ళకు చెప్పే మాటేనా ఇది?

టరెట్‌రాజు: ఇంకోసారి కొట్టి సరిచేసుకుంటాడు! రేంజ్‌లో పడుకుని కొట్టేవాడికి తెలుస్తుంది, స్కేలు పట్టుకు కూర్చునేవాడికి కాదు.

పెల్లెట్‌ప్రియ: వ్యక్తిగతంగా పోకండి ఇద్దరూ. గుళ్ళు ఊరికే వస్తున్నాయా, ఇంకోసారి ఇంకోసారి అనడానికి?

మిల్లీరేడియన్: అందుకే మిల్ (మిల్లీరేడియన్, ఇదీ కోణం కొలతే) స్కోప్ తీసుకోమనేది. క్లిక్కుకి 0.1 మిల్, 100 మీటర్ల దగ్గర సరిగ్గా సెంటీమీటరు. సెంటీమీటరు గడులు ప్రింట్ తీసుకుంటే గడికొక క్లిక్కు, గుణకారమే లేదు.

గురికుదరాలి: అన్నా, స్కోప్ కొనేశాను. దగ్గర నుంచి మొదలుపెట్టడం గురించి ఎవరూ చెప్పలేదు.

వజ్రాకారం: 25 మీటర్లలో మొదలుపెట్టండి. నేరుగా వందకు పోతే గుండు కాగితం మీదే పడకపోవచ్చు. ఎటు పోయిందో తెలియకుండా ఏం తిప్పుతారు? 25లో క్లిక్కు కదిలేది 1.8 మిల్లీమీటర్లే, కాబట్టి అంతే ఎడానికి నాలుగింతలు తిప్పాలి. స్కోప్ గొట్టానికి నాలుగు సెంటీమీటర్లు పైన ఉంటుంది కనుక 25లో నడిమధ్యన తగలనక్కర్లేదు. మామూలు పెద్ద తూటాలకు సెంటీమీటరున్నర కింద పడితే వందలో దగ్గరకొస్తుంది. పక్కవాటు మాత్రం అక్కడే సరిచేసేయండి. ఇక బొమ్మ అంటారా, నల్ల గుండ్రం వద్దేవద్దు. స్కోప్‌లో కనిపించే అడ్డం, నిలువు నల్ల గీతలు (క్రాస్‌హెయిర్) అందులో కలిసిపోతాయి. లోపల తెల్లగా, మూల మీద నిలబెట్టిన చతురస్రం గీయండి. క్రాస్‌హెయిర్ గీతలు నాలుగు కొనలకూ ఆనాయంటే గురి మధ్యలో ఉన్నట్టే, కన్ను ఇట్టే పట్టేస్తుంది.

టరెట్‌రాజు: చతురస్రం మాట ఒప్పుకుంటాను. కానీ ఒక్కొక్క గుండుకీ క్లిక్కులు తిప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. కనీసం మూడు కొట్టి, వాటి మధ్య బిందువు చూసి తిప్పాలి.

నల్లచుక్క: మూడు చాలవు, అయిదు.

టరెట్‌రాజు: మళ్ళీ మొదలెట్టారు.

మిల్లీరేడియన్: స్కోప్‌ని పట్టి ఉంచే రింగుల స్క్రూలు సరిపడా బిగించారా ముందు? అవి వదులుగా ఉంటే ఏ కాగితమూ కాపాడదు.

గురికుదరాలి: బిగించాను. చతురస్రం బొమ్మ, మందపాటి కార్డు తీసుకుంటున్నా. గడులు మాత్రం అంగుళానికి బదులు 29.1 మిల్లీమీటర్లకు గీయించుకుంటా, అప్పుడు గడికి నాలుగు క్లిక్కులే కదా?

నల్లచుక్క: వందలో అవును. 25లో వాడే కాగితానికి గడి 7.3 మిల్లీమీటర్లు గీయండి, అక్కడా నాలుగే.