కెల్టిక్ ఐక్యత: నిజంగా ఉందా, పండగల వరకేనా?

కార్డిఫ్_బాబాయ్:
మేం కొన్నేళ్లుగా వేల్స్‌లో ఉంటున్నాం. ఇక్కడి బళ్లలో వెల్ష్ తప్పనిసరి. మా పాప మెట్లెక్కుతూ కూడా "ఈన్, దై, త్రీ, పెద్వార్, పింప్" అని లెక్కపెడుతుంది. మొన్న ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి వచ్చిన పాటల బృందం వాళ్ల గీతం పాడింది. విని తెల్లబోయాను, అచ్చంగా వేల్స్ జాతీయ గీతం బాణీ! మాటలే వేరు. కార్న్‌వాల్ వాళ్లదీ అదే బాణీ అట. పక్కనున్న పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ "మేమంతా ఒక్కటే" అన్నాడు.

ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, బ్రిటనీ, కార్న్‌వాల్, ఐల్ ఆఫ్ మాన్: కెల్టిక్ కుటుంబపు సొంత భాషలున్న ఈ ఆరింటినీ కెల్టిక్ దేశాలంటారు. (ఇక్కడ 'కెల్టిక్' అనాలి. గ్లాస్గో ఫుట్‌బాల్ జట్టు మాత్రం 'సెల్టిక్'.) సంస్కృతిలోనే కాదు, రాజకీయంగానూ ఒకరికొకరు నిలబడాలని 1961లో కెల్టిక్ లీగ్ పెట్టుకున్నారు. ఇంతకీ ఈ బంధం పనికొచ్చేదేనా, బూరలూదే పండగల వరకేనా?

పాతకాగితం:
పండగల వరకే. గ్రీకులూ రోమన్లూ కెల్టులని పిలిచింది ముఖ్యంగా గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) వాళ్లని, బ్రిటన్ దీవుల వాళ్లని కాదు. ఈ భాషలన్నీ ఒక కుటుంబమని 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు పుస్తకం వేశాక ఆ పేరు వీళ్లకు అంటుకుంది. అంతకుముందు ఏ ఐరిష్ రైతునైనా "నువ్వు కెల్టువా?" అని అడిగితే బిత్తరపోయేవాడు. ఇప్పటికీ ఐరిష్ మాట్లాడేవాడూ వెల్ష్ మాట్లాడేవాడూ కలిస్తే కబుర్లన్నీ ఇంగ్లీషులోనే. అదేం చుట్టరికం?

ఉప్పుగాలి:
బారసాల ఆలస్యమైతే బిడ్డ పుట్టనట్టా, పాతకాగితం గారూ? మన భాషలకు సంస్కృతం తల్లి కాదని, తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని మద్రాసులో ఎల్లిస్ దొర రాసింది 1816లో. మన 'చేయి', తమిళుల 'కై' అంతకుముందూ ఒకే మాట. వెల్ష్ 'పెద్వార్', ఐరిష్ 'క్యాహిర్' కూడా అంతే, రెండూ నాలుగే. ఒకచోట 'ప' అయింది, ఇంకోచోట 'క' అయింది.

పనికొచ్చిందా అంటే ఒక్క సంగతి చెప్తా. ఐల్ ఆఫ్ మాన్‌లో మాంక్స్ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు గత శతాబ్దం నడిమికి వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు, అందరూ ముసలివాళ్లే. 1947లో ఐర్లండ్ ప్రధాని డి వలేరా ఆ దీవికెళ్లి, వాళ్లలో నెడ్ మాడ్రెల్ అనే జాలరిని కలిశాడు. మరుసటి ఏడాదే ఐరిష్ జానపద కమిషన్ రికార్డింగ్ సామానుతో మనిషిని పంపి ఆ ముసలివాళ్ల గొంతులన్నీ పట్టించింది. దీవి వాళ్ల దగ్గర అలాంటి సామాను లేదు. మాడ్రెల్ 1974 డిసెంబరులో పోయాడు. 2001లో అక్కడ పూర్తిగా మాంక్స్‌లో చదువు చెప్పే ప్రాథమిక బడి తెరిచారు. ఇప్పుడు మాంక్స్ నేర్చుకునేవాళ్లు ఆ ముసలివాళ్ల ఉచ్చారణ వినగలుగుతున్నారంటే అదీ ఒక కారణం. ఇది బూరలూదడమా?

నల్లరేగడి:
అన్నా, అది గొప్ప పనే, కాదనను. కానీ అది సంస్కృతి. రాజకీయం దగ్గరికి రా. ఐర్లండ్ 1922 నుంచి సొంత రాజ్యం. బ్రిటనీకి ఏం చేయగలిగింది? 1992లో ఫ్రాన్స్ తన రాజ్యాంగంలో "రిపబ్లిక్ భాష ఫ్రెంచే" అని రాసుకుంది. 2021లో బ్రిటనీ ఎంపీ పాల్ మొలాక్ ప్రాంతీయ భాషల చట్టం తెస్తే, పాఠాలన్నీ ఆ భాషలోనే చెప్పే పద్ధతిని రాజ్యాంగ మండలి కొట్టేసింది. 1977 నుంచి బ్రెటన్‌లో నడుస్తున్న దివాన్ బళ్లకు గుండెలో రాయి పడింది. మిగతా ఐదు దేశాల సానుభూతి అక్కడ ఎందుకు పనికొచ్చింది?

చేదు సంగతి ఇంకోటి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లతో చేతులు కలిపిన బ్రెటన్ జాతీయవాదులు కొందరు తర్వాత ఐర్లండ్‌లో తలదాచుకున్నారు. కెల్టిక్ సోదరభావం అక్కడ మాత్రం బాగానే పనిచేసింది.

పాతకాగితం:
గలీషియా సంగతి మర్చిపోయారు. స్పెయిన్ వాయవ్య మూల, బ్యాగ్‌పైపుల దేశం. మేమూ కెల్టులమేనని 1980లలో వస్తే లీగ్ కుదరదంది, మీకు కెల్టిక్ భాష లేదని. బ్రిటనీలో 1971 నుంచి ఏటా జరిగే లోరియాం ఊరి కెల్టిక్ పండగలో మాత్రం వాళ్లకు పెద్దపీట. భోజనానికి పిలుస్తారు, పంచాయితీకి పిలవరు.

ఉప్పుగాలి:
లీగ్ చేసిందే సరైన పని. రక్తం, ముక్కు, జుట్టు రంగు చూసి కెల్టుని తేల్చడం మొదలెడితే ఎక్కడికి పోతుందో యూరప్‌కు తెలుసు. భాష అయితే ఎవరైనా నేర్చుకోవచ్చు. బాబాయ్ గారి పాప నేర్చుకోవట్లా?

నల్లరేగడి:
మరి స్కాట్లండ్‌ను ఏ లెక్కన కలిపారు? 2011 జనగణనలో అక్కడి కెల్టిక్ భాష గేలిక్ మాట్లాడేవాళ్లు దాదాపు 57,000, నూటికి ఒక్కరు. 2014 రెఫరెండంలో స్వాతంత్ర్యం కావాలన్న 44.7 శాతంలో ఎక్కువమందికి గేలిక్ ముక్క రాదు. వాళ్లు కొట్లాడింది పౌండు, చమురు, పింఛన్ల గురించి.

ఉప్పుగాలి:
ఆ మాట ఒప్పుకుంటా. లీగ్ ఆనుకునేది ఆ నూటికొక్కరినే.

కార్డిఫ్_బాబాయ్:
ఇంత గొడవ ఉందనుకోలేదు. ఆగస్టులో లోరియాం వెళ్దామని టికెట్లు చూస్తున్నా. బ్రెటన్ లెక్క "యూనన్, దావు, త్రీ, పేవర్, పెంప్" అని పాపకు చెప్పాను. "వీళ్లకు స్పెల్లింగ్ రాదా నాన్నా?" అంది.