రాగి బ్రెడ్ లోపల ఉడకడం లేదు

అమ్మకు మధుమేహం. గోధుమ బ్రెడ్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి మైదా, చక్కెర కలుస్తాయి కాబట్టి ఇంట్లోనే చేస్తున్నాను. గోధుమపిండి 200 గ్రాములు, రాగిపిండి 100, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, ఉప్పు 5, నూనె రెండు చెంచాలు, నీళ్లు 220 మిల్లీలీటర్లు. చక్కెర అసలు వేయను. అయినా గంటలో పిండి బాగానే పొంగుతోంది. చిక్కంతా ఓవెన్‌లోనే. 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు కాల్చి, పూర్తిగా చల్లారాకే కోసినా మధ్యలో ముద్దగా కత్తికి అంటుకుంటోంది. మరో పది నిమిషాలు ఉంచితే పైన మాడింది. నీళ్లు తగ్గిస్తే ఇటుకలా తయారైంది. మైదా కలపమని మాత్రం చెప్పకండి, అది తిన్న రెండు గంటలకు అమ్మకు షుగర్ 200 దాటుతోంది. రాగిపిండి తగ్గించకుండా లోపలిదాకా ఉడకాలంటే వేడి, సమయం ఎలా మార్చాలి?