బెంగళూరులో ఏడీహెచ్‌డీ మాత్రలకి అలవాటు పడ్డ తమ్ముడికి ట్రీట్‌మెంట్ ఎక్కడ? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

మారతహళ్ళి_అక్క:
అందరికీ నమస్తే. మాది కడప, నేనూ మా ఆయనా మారతహళ్ళిలో ఉంటాం. తమ్ముడు బీటీఎంలో పీజీలో ఉండేవాడు, ఇప్పుడు మా ఇంట్లోనే పెట్టుకున్నాం. వాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య) ఉందని డాక్టరే టెస్టులు చేసి దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర రాశారు, మొదట్లో నిజంగా బాగా పనిచేసింది, మొదలుపెట్టిన పని పూర్తి చేస్తున్నానక్కా అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. తర్వాత ఆఫీసులో రిలీజ్‌లు, రాత్రి కాల్స్, ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి, ఇప్పుడు నెలకి రాసిన మందు పది రోజులక్కూడా రావట్లేదు, ఇంకో డాక్టర్ దగ్గరికి పోయి ఇంకో చీటీ రాయించుకుంటున్నాడు. బట్టలు మిషన్లో వేద్దామని జేబులు చూస్తే ఖాళీ స్ట్రిప్పులు, కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేసి టిష్యూలో చుట్టి పెట్టాడు. రాత్రంతా మేలుకునే ఉంటాడు, దవడ బిగబట్టి పళ్ళు నూరుతుంటాడు, సంగటి పెడితే కంచంలో అట్లే ఆరిపోతుంది. మాత్ర లేని రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిద్రే, లేపితే ఏడుపు.

నిన్న వాడే "నా వల్ల కావట్లేదక్కా, ఎక్కడికైనా తీస్కపో" అన్నాడు. అమ్మానాన్నకి తెలీదు. మా ఆయన రిహాబ్‌లో చేర్పిద్దాం అంటున్నారు కానీ నెట్‌లో చూస్తే అన్నీ తాగుడు మాన్పించే సెంటర్లే కనిపిస్తున్నాయి. డాక్టర్ రాసిన మందుకి కూడా చూస్తారా? పోలీస్ కేసు ఏమైనా అవుతుందా, ఆఫీసుకి తెలిసిపోతుందా? ఇంట్లో ఉన్న మాత్రలన్నీ పారేయమంటారా?

జయనగర్_రాజు:
అక్కా, వాడంతట వాడే అడిగాడు చూడండి, అది చాలా పెద్ద విషయం, ఆ మాట చల్లారకముందే కదలండి. నిమ్హాన్స్‌లో, అదే ఇక్కడి గవర్నమెంట్ మానసిక వైద్య ఆసుపత్రిలో, అలవాట్లు మాన్పించడానికి సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ అని సపరేట్‌గా ఉంది, హోసూరు రోడ్డు మీదే, డెయిరీ సర్కిల్ దగ్గర. నేను అక్కడే చూపించుకున్నా, నాది కూడా మాత్రల అలవాటే. తాగుడొక్కటే కాదు, డాక్టర్ రాసిన మందులకి అలవాటు పడ్డవాళ్ళని కూడా చూస్తారు. పొద్దున్నే పోయి పేరు రాయించుకోండి, రష్ ఉంటుంది, టిఫిన్ తినేసి వెళ్ళండి. భాష గురించి దిగులు పడకండి, అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి బోలెడంత మంది వస్తారు. ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ.

అప్పటిదాకా ఆగలేం అనిపిస్తే 14416కి చేయండి, టెలీ మానస్ అని గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్లకి సెంట్రల్ గవర్నమెంట్ హెల్ప్‌లైన్ 14446 వేరే ఉంది.

తిరుపతి_సైకియాట్రీ:
నేను సైకియాట్రిస్ట్‌ని, చూడకుండా మందులు చెప్పను, కానీ కొన్ని మాటలు తప్పక చెప్పాలి.

మాత్రలు పారేయకండి. మీ దగ్గర తాళం వేసి పెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా చీటీలో ఉన్న డోసు మాత్రమే మీ చేత్తో ఇవ్వండి, ఒక్కసారిగా ఆపాలా తగ్గించుకుంటూ రావాలా అన్నది వాళ్ళు చూసి చెప్తారు. ఇవి ఆపితే తాగుడు మానినప్పుడు వచ్చినట్టు ఫిట్స్ సాధారణంగా రావు, అందుకే ఇంట్లోవాళ్ళు పడుకుని లేస్తే సరిపోతుంది అనుకుంటారు. అసలు ప్రమాదం మాత్ర ఆపాక వచ్చే దిగులు. మాత్ర లేని రోజు నిద్ర, ఏడుపు అన్నారే, అదే. మొదటి వారం పది రోజులు విపరీతమైన నీరసం, ఆకలి, ఏదీ వద్దనిపించడం, కొందరికి చచ్చిపోవాలనిపించడం కూడా ఉంటుంది, ఆ రోజుల్లో వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే, లేదా ఛాతీలో నొప్పి, గుండె దడ తగ్గకపోవడం, ఎవరో వెంటపడుతున్నారని భయపడటం, లేని మాటలు వినపడటం ఉంటే ఓపీ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. నిద్రపోవట్లేదని ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు మాత్రం ఇవ్వొద్దు.

ఈ అలవాటుని మాన్పించడానికంటూ ప్రత్యేకంగా మందు లేదు, కౌన్సెలింగే ముఖ్యం, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్) లాంటివి, దానికి టైమ్ పడుతుంది. ఇంకోటి, మాత్ర ఆపితే ఏడీహెచ్‌డీ పోదు. దాన్ని వదిలేస్తే ఆఫీసులో మళ్ళీ అదే ఇబ్బంది, మళ్ళీ అదే మాత్ర. అటోమాక్సెటిన్ లాంటి, స్టిమ్యులెంట్ (ఇప్పుడు వాడే మాత్రలా మెదడుని ఉత్తేజపరిచే మందు) కాని మందులు ఉన్నాయి, అందుకని రెండూ కలిపి చూసే డాక్టర్ కావాలి. ఇద్దరు డాక్టర్ల చీటీలు, మందుల బిల్లులు ఏదీ దాచకుండా పట్టుకెళ్ళండి. డాక్టర్లు తిడతారని చాలామంది సగమే చెప్తారు, అప్పుడు డోసు అంచనా తప్పుతుంది.

చెన్నై_సుబ్బలక్ష్మి:
రిహాబ్ అంటున్నారు కాబట్టి ఇది చెప్పాలమ్మా. మా మరిది కోసం ఒక ప్రైవేట్ సెంటర్‌కి పోయాం, లోపల సైకియాట్రిస్ట్ లేడు, నెల రోజులు ఫోన్ కూడా చేయకూడదన్నారు, డబ్బు మొత్తం ముందే కట్టమన్నారు. తర్వాత ఇక్కడ అడయార్ ఇందిరా నగర్‌లో టీటీకే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, 1980 నుంచి ఈ పనే చేస్తున్నారు, ఇంట్లోవాళ్ళకి కూడా విడిగా క్లాసులు పెడతారు, మా చెల్లెలికి వాటివల్లే ధైర్యం వచ్చింది. మీరు ఏ సెంటర్‌కి పోయినా రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ చూపించమనండి, డాక్టర్ ఎప్పుడెప్పుడు వస్తారో అడగండి, గదులు చూడనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం తనంతట తాను చేరిన పెద్దవాళ్ళు వెళ్ళిపోతామంటే మామూలుగా పంపించాల్సిందే, బలవంతంగా ఉంచడానికి గట్టి కారణాలు కావాలి.

జయనగర్_రాజు:
కేసు గురించి అడిగారు కదా అక్కా. ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టంలోనే సెక్షన్ 64ఏ ఉంది, తనంతట తాను గవర్నమెంట్ గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కి వచ్చేవాళ్ళకి వాడకం కేసుల్లో రక్షణ ఇస్తుంది. హాస్పిటల్ వాళ్ళు ఆఫీసుకి చెప్పరు, ట్రీట్‌మెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టమే ఉంది. లీవుకి మెడికల్ సర్టిఫికెట్ కావాలంటే జబ్బు పేరు ఎంతవరకు రాయాలో డాక్టర్‌నే అడగండి. రెండో డాక్టర్ దగ్గరికి పోవడం మాత్రం ఈ రోజుతో ఆపించండి.

మారతహళ్ళి_అక్క:
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. చీటీలన్నీ వాడే తెచ్చిచ్చాడు, మాత్రలు నా బీరువాలో పెట్టి తాళం వేశా. అడగమన్నది కూడా అడిగాను, అలాంటి ఆలోచన లేదక్కా కానీ బతుకు మీద ఆశ లేదు అన్నాడు, అందుకే మా ఆయన ఈ రాత్రి వాడి గదిలోనే పడుకుంటున్నారు. పొద్దున ఆరున్నరకి బయల్దేరి నిమ్హాన్స్‌కి పోతున్నాం. అడ్మిట్ చేస్తే తోడు ఒకరు ఉండాలా?

జయనగర్_రాజు:
అవసరం పడొచ్చు అక్కా, ఇద్దరూ లీవ్ పెట్టుకునే వెళ్ళండి, వాడి ఆధార్, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి పెట్టుకోండి. ఒకవేళ అడ్మిషన్ అక్కర్లేదన్నా రెండో విజిట్ డేట్ తీసుకోకుండా బయటికి రావొద్దు.