టెల్నెట్ నెగోషియేషన్ కోడు సొంతంగా రాసుకోవడమా, లైబ్రరీకి అప్పగించడమా?

ప్రశ్న

సీ భాషలో ఒక టెర్మినల్ సర్వరు రాశాను. టీసీపీ సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) మీద టెల్నెట్, అంటే దూరంలోని కంప్యూటరును టెర్మినల్ ద్వారా వాడుకునే ప్రోటోకాల్, నడుస్తుంది. దానికి జతగా క్లయింటు కూడా నేనే రాసుకున్నాను. రెండు చిక్కులు ఎంతకీ విడిపోవడం లేదు. కనెక్షన్ కుదిరిన వెంటనే 255 251 1, 255 253 1 అనే బైట్లు అటూ ఇటూ ఆగకుండా తిరుగుతున్నాయి. సిస్టంలో ముందే ఉన్న టెల్నెట్ క్లయింటును వాడితే మాత్రం ఇలా జరగదు. ఆ పాత క్లయింటుతోనే రెండో చిక్కు వచ్చింది: విండో కొలతలు ఎప్పుడూ సరిగానే అందేవి గానీ, ఒక వెడల్పాటి తెర మీద ఎత్తు 65,280 అని వచ్చింది. లైబ్రరీ వాడడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ తప్పు ఎక్కడుందో తెలియకుండా దాన్ని కప్పిపెట్టడం నాకు ఇష్టం లేదు.

జవాబు 1

65,280 అనే అంకెలోనే కారణం ఉంది. ఆ విండో వెడల్పు సరిగ్గా 255 అయి ఉండాలి. టెల్నెట్‌లో 255 అంటే ఐఏసీ, అంటే ‘ఇకపై వచ్చేది ఆదేశం’ అనే గుర్తు. అందువల్ల అదే విలువను డేటాగా పంపవలసి వస్తే, సబ్‌నెగోషియేషన్ (విండో కొలతల వంటి వివరాలను పంపే సందేశం) లోపల కూడా, రెండుసార్లు పంపాలి. వెడల్పుకు రెండు, ఎత్తుకు రెండు బైట్లు ఉంటాయి. ఎత్తు 50 అనుకుంటే క్లయింటు 0 255 255 0 50 అని ఐదు బైట్లు పంపుతుంది. మీ కోడు ఆ జంటను ఒకటిగా కలపకుండా మొదటి నాలుగు బైట్లనే తీసుకుంది కాబట్టి, 255 0 అనే జత ఎత్తుగా మారింది: 255ను 256తో హెచ్చిస్తే 65,280.

ఒక్క రిసీవ్‌లో ఆదేశం మొత్తం అందుతుందని కూడా నమ్మకండి. టీసీపీ ఇచ్చేది బైట్ల ప్రవాహమే, ఐఏసీ ఒకసారి వచ్చి దాని తరువాతి బైటు మరోసారి రావచ్చు.

జవాబు 2

మొదటి చిక్కు గురించి నేను చెబుతాను. ఇప్పటికే ఉన్న స్థితినే కోరుతూ అభ్యర్థన వస్తే దానికి జవాబు ఇవ్వకూడదని టెల్నెట్ ప్రమాణ పత్రమైన 1983 నాటి ఆర్‌ఎఫ్‌సీ 854 చెబుతుంది. పాత క్లయింటు ఆ మాట పాటించి ఊరుకుంటుంది. మీరు రాసిన రెండు ప్రోగ్రాములూ మాత్రం ప్రతి విల్‌కు (251, ‘నేను చేస్తాను’) డూ (253, ‘నువ్వు చెయ్యి’), ప్రతి డూకు విల్ పంపుతూ పోతున్నాయి. ప్రతి ఆప్షనుకూ (ఇలా మాట్లాడుకుని వాడే ఒక్కో సదుపాయానికీ) మన వైపు స్థితిని, అవతలి వైపు స్థితిని విడివిడిగా గుర్తుంచుకోవాలి.

అంతటితో కూడా పని పూర్తి కాదు. పాస్‌వర్డు తెర మీద కనబడకుండా సర్వరు విల్ ఎకో (ఎకో అంటే టైపు చేసిన అక్షరాలను తిరిగి చూపే ఆప్షను, దాని సంఖ్య 1) పంపి, దానికి జవాబు రాకముందే వోంట్ ఎకో (‘ఇక చెయ్యను’) పంపిందనుకోండి. ఆలస్యంగా వచ్చిన డూను అది కొత్త అభ్యర్థనగా పొరబడి మళ్లీ విల్ అంటుంది, చుట్టు మళ్లీ మొదలవుతుంది. 1990లో డేనియల్ బెర్న్‌స్టైన్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1143 సరిగ్గా దీనికోసమే: పంపినదానికి జవాబు వచ్చేదాకా రెండో అభ్యర్థనను పంపకుండా, మనసు మారిందన్న సంగతిని మాత్రం రాసి పెట్టుకుని, జవాబు అందాక పంపాలి. చదవడానికి తేలికే గానీ, ఆ స్థితుల పట్టికను తప్పు లేకుండా కోడుగా రాయడం మాత్రం ఓపికతో కూడిన పని.

జవాబు 3

ఆ పట్టిక లిబ్‌టెల్నెట్ అనే సీ లైబ్రరీలో సిద్ధంగా ఉంది. నాకు బాగా నచ్చినది ఏమిటంటే, అది సాకెట్‌ను అసలు ముట్టుకోదు. వచ్చిన బైట్లను మీరు అందిస్తే డేటా, విల్, డూ, సబ్‌నెగోషియేషన్ వంటి ఈవెంట్లుగా విడదీసి మీ ఫంక్షనును పిలుస్తుంది, కాబట్టి సాకెట్ల కోసం ఎదురుచూసే సెలెక్ట్ మీద రాసినా, పోల్ మీద రాసినా ఇమిడిపోతుంది. విండో కొలతలను మాత్రం ఆ నాలుగు బైట్ల నుంచి మీరే లెక్కించుకోవాలి. 255 జంటలను విప్పే పని అదే చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. లిబ్‌టెల్నెట్‌కు మారాను. మొదట తెర ఖాళీగా ఉండిపోయింది, ఎందుకంటే సెండ్ ఈవెంటులో వచ్చిన బైట్లను సాకెట్‌కు నేనే రాయాలన్న సంగతి గమనించలేదు. అది సరిచేశాక, 255 వెడల్పు, 50 ఎత్తు ఉన్న సబ్‌నెగోషియేషన్‌ను ఒక్కో బైటుగా విడదీసి అందించి చూశాను. 255, 50 అనే వచ్చాయి.